తలుపు వేసిన తరగతి గది: విశ్వవిద్యాలయ అధ్యాపకుల అభ్యసన సముదాయాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పరిశోధన చేసే అధ్యాపకునికి తోడు ఉంటుంది. అతడు రాసిన వ్యాసాన్ని ఒకరు చదువుతారు, ఇంకొకరు ఖండిస్తారు, మరొకరు తమ వ్యాసంలో ఉదహరిస్తారు. సదస్సులో పత్ర సమర్పణ ముగియగానే ఎవరో ఒకరు లేచి ప్రశ్న వేస్తారు. అదే అధ్యాపకుడు మర్నాడు ఉదయం తరగతి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్న తరువాత అక్కడ ఏమి జరుగుతుందో సహోద్యోగులలో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన ఆచార్యుని సన్మాన సభలో ఆయన బోధనా ప్రతిభను కొనియాడే వారిలో చాలామంది ఆయన పాఠాన్ని ఒక్క గంటయినా విని ఉండరు.

ఈ ఒంటరితనానికి పరిష్కారంగా గత మూడు దశాబ్దాలుగా విద్యారంగంలో వినిపిస్తున్న మాట ‘ప్రొఫెషనల్ లెర్నింగ్ కమ్యూనిటీ’. తెలుగులో దీనిని ‘వృత్తిపర అభ్యసన సముదాయం’ అనవచ్చు. ఒకే పని చేసేవారు కొందరు క్రమం తప్పకుండా కలుసుకొని, తమ పనిని ఒకరికొకరు చూపించుకొని, దాని నుండి నేర్చుకోవడం అని దీని సారాంశం. ఇటువంటి సముదాయం విశ్వవిద్యాలయ అధ్యాపకునికి నిజంగా ఏమి ఇస్తుంది? ఏ పరిస్థితులలో ఏమీ ఇవ్వదు? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. సముదాయం విలువ అది నేర్పే మెళకువలలో లేదనీ, తన తప్పును శిక్ష లేకుండా బయటపెట్టుకోగల చోటు కావడంలో ఉందనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. ఒక స్వీయానుభవం

సిద్ధాంతానికి ముందు ఒక అనుభవం చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం నేను ఒక వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర బోధించేవాడిని. కల్కెదోను మహాసభ గురించి రాసే జవాబులో విద్యార్థులు తరచుగా సంవత్సరాన్ని తప్పు రాసేవారు. 451 అని రాయవలసిన చోట 415 అని ఉండేది. నేను ఎర్ర సిరాతో కొట్టివేసి అర మార్కు తగ్గించేవాడిని. మూడు సంవత్సరాలు ఇలాగే జరిగింది. ఈ తరం విద్యార్థులకు శ్రద్ధ లేదని భోజనాల దగ్గర తోటివారితో అన్నాను కూడా.

ఒక సాయంత్రం క్రొత్త నిబంధన విభాగంలోని సహోద్యోగి ఒకరు నా గదికి వచ్చి, ఊరకే కాలక్షేపానికి నాలుగు జవాబు పత్రాలు తీసి చదివారు. తరువాత ఒక్క మాట అడిగారు: “వేరు వేరు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అందరూ ఒకే తప్పు ఎలా రాస్తారండీ? చెప్పినవారు ఒకరే అయి ఉండాలి కదా.” నా నోట్సు తీసి చూశాము. కంప్యూటరులో టైపు చేసినప్పుడు అంకెలు తారుమారయ్యాయి. ఆ ప్రతినే ఏటా జిరాక్స్ తీయించి పంచాను. నేను ఇచ్చినదాన్ని నమ్మకంగా తిరిగి రాసినందుకు మూడు తరగతుల విద్యార్థులకు నేనే మార్కులు తగ్గించాను.

వారిలో ఒకరు అప్పటికే ఒక గ్రామంలో సంఘ కాపరి. ఫోను చేసి సంగతి చెప్పి క్షమించమన్నాను. “నాకు అప్పుడే తెలుసండీ, లైబ్రరీ పుస్తకంలో చూశాను. అయ్యగారితో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను” అన్నారు ఆయన. పుస్తకంలో సరైన సంవత్సరం చూసి కూడా పరీక్షలో ఏది రాయాలో తేల్చుకోలేక నోట్సులో ఉన్నదే రాశారట.

అంకె తారుమారు కావడం చిన్న పొరపాటు. అది మూడేళ్లు దాగి ఉండగలగడం చిన్న విషయం కాదు. తప్పు తెలిసిన విద్యార్థికి చెప్పే ధైర్యం లేదు. చెప్పగల సహోద్యోగులకు నా తరగతిలో ఏముందో తెలియదు. నాకు తెలిసే అవకాశమే లేదు.

3. భావన పుట్టుక

పాఠశాల ఉపాధ్యాయుల ఒంటరితనాన్ని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లోనే వివరించారు. షర్లీ హోర్డ్ 1997లో అభ్యసన సముదాయానికి ఐదు లక్షణాలు చెప్పారు: పంచుకున్న నాయకత్వం, ఉమ్మడి విలువలు, కలిసి నేర్చుకోవడం, అనుకూల పరిస్థితులు, ఒకరి బోధనను మరొకరు చూడడం. రిచర్డ్ డ్యుఫోర్, రాబర్ట్ ఈకర్ 1998లో రాసిన పుస్తకంతో ఈ మాట అమెరికా పాఠశాలలన్నిటికీ పాకింది. 2004 నాటికే, అన్నిటికీ వాడడం వలన ఈ మాటకు అర్థం లేకుండా పోయే ప్రమాదం ఉందని డ్యుఫోర్ స్వయంగా హెచ్చరించవలసి వచ్చింది.

విశ్వవిద్యాలయాలలో ఈ ఆలోచన వేరే దారిలో వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయంలో 1979లో క్రొత్తగా చేరిన అధ్యాపకుల కొరకు ఒక ఏర్పాటు ప్రారంభమైంది. మిల్టన్ కాక్స్ దానిని ‘ఫ్యాకల్టీ లెర్నింగ్ కమ్యూనిటీ’గా పెంచి పోషించారు. వేరు వేరు విభాగాలకు చెందిన కొద్దిమంది అధ్యాపకులు స్వచ్ఛందంగా చేరి, ఒక సంవత్సరం పాటు తరచుగా కలుసుకొని, తమ బోధనలోని ఒక సమస్యపై పనిచేయడం దాని పద్ధతి. రెండు మూడు రోజుల శిక్షణ శిబిరానికీ దీనికీ ఉన్న తేడా కాలవ్యవధిలోనే ఉంది. శిబిరంలో విన్నది మరచిపోవచ్చు. మూడు వారాల తరువాత అదే మనుషులకు మళ్లీ ముఖం చూపించవలసి ఉన్నప్పుడు అంత సులభంగా మరచిపోలేము.

4. షుల్మన్ వాదన: బలం, బలహీనత

ఈ విషయంపై ఎక్కువగా ప్రస్తావించబడే రచన లీ షుల్మన్ 1993లో రాసిన చిన్న వ్యాసం. బోధన సమాజపు ఉమ్మడి ఆస్తి కావాలని ఆయన వాదన. పరిశోధనలో మనం ఒక సమాజంలో సభ్యులమనీ, బోధనలో మాత్రం ఒంటరివారమనీ ఆయన గుర్తించారు. దానికి మూడు మార్గాలు సూచించారు. బోధనను ఆయా శాస్త్రాలతో తిరిగి ముడివేయాలి. బోధన కంటికి కనిపించే రూపంలో, అంటే పాఠ ప్రణాళికలు, ప్రశ్నపత్రాలు, విద్యార్థుల రాతలుగా నిలవాలి. దానిని తోటివారు పరిశీలించి విలువ కట్టాలి.

మొదటి రెండు సూచనలు తిరుగులేనివి. గణితం బోధించడంలోని చిక్కు, హెబ్రీ వ్యాకరణం బోధించడంలోని చిక్కు ఒకటి కాదు. బోధనను గాలిలో చర్చించలేము. బల్లమీద ఒక కాగితం ఉండాలి.

‘ఉమ్మడి ఆస్తి’ అనే ఉపమానం మాత్రం తెలుగు పాఠకునికి షుల్మన్ అనుకొన్నంత తేలికగా రుచించదు. ఉమ్మడి ఆస్తి ఏమవుతుందో మన కుటుంబాలకు తెలుసు. అందరిదీ అయినది ఎవరూ పట్టించుకోనిది అవుతుంది, లేదా ఇంటి పెద్ద ఒక్కడి చేతిలోకి పోతుంది. విభాగాధిపతి, ఆచార్యుడు, సహాయ ఆచార్యుడు అనే మెట్లు ఉన్న చోట ‘ఉమ్మడి’ అనే మాటకు అర్థం పై మెట్టు మీద నిలబడినవారే నిర్ణయిస్తారు.

మూడవ సూచనలో మరింత లోతైన చిక్కు ఉంది. 1999లో రాండీ బాస్ రాసిన వ్యాసం దీనిని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. పరిశోధనలో ‘సమస్య’ ఉండడం గౌరవం. సమస్య లేనిదే పరిశోధన లేదు. బోధనలో ‘సమస్య’ ఉందంటే అది నింద. నీ పరిశోధనలో సమస్య ఏమిటని అడిగితే ఉత్సాహంగా చెప్పే అధ్యాపకుడు, నీ బోధనలో సమస్య ఏమిటని అడిగితే నొచ్చుకొంటాడు. బాస్ చూపిన ఈ తేడాను షుల్మన్ మూడవ సూచన పక్కన పెట్టి చూడండి. తోటివారు విలువ కట్టే చోట ఎవరు తమ సమస్యను బయటపెడతారు? విలువ కట్టడానికీ పదోన్నతికీ ముడి ఉన్న చోట ప్రతివారూ తమ మంచి పాఠాన్నే తెస్తారు. తారుమారైన అంకె ఉన్న నోట్సు గదిలోనే ఉండిపోతుంది.

కాబట్టి చూడడాన్నీ విలువ కట్టడాన్నీ విడదీయాలి. తప్పును వినే వ్యక్తి, మార్కు వేసే వ్యక్తి ఒకరే కాకూడదు.

5. దర్జీలు, మాంసం కోసేవారు

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వెలువరించిన చిన్న పుస్తకం ఈ రంగంలో మరొక మూలరచన. పని నేర్చుకోవడమంటే ఆ పని చేసేవారి సమాజంలో అంచు నుండి క్రమంగా లోపలికి రావడమని వారి సిద్ధాంతం. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దర్జీలను వారు ఉదాహరణగా తీసుకున్నారు. అక్కడ క్రొత్తగా చేరినవాడు గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులతో మొదలుపెడతాడు. కత్తిరింపు తరువాత వస్తుంది. అయితే మొదటి రోజు నుండే గురువు కత్తిరించడం అతనికి కనబడుతుంది.

అదే పుస్తకంలో దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. అమెరికా సూపర్ మార్కెట్లలో మాంసం కోసే పని నేర్చుకొనేవారిని పొట్లాలు కట్టే చోట నిలబెట్టేవారు. అనుభవజ్ఞులు మాంసం కోసే బల్ల వారికి కనబడేది కాదు. దుకాణానికి లాభమే, నేర్చుకొనేవారికి మాత్రం పొట్లాలు కట్టడం తప్ప ఏమీ రాదు. ఈ పుస్తకంలో విశ్వవిద్యాలయ అధ్యాపకునికి అద్దం పట్టే పేజీలు ఇవేనని నా అభిప్రాయం. క్రొత్తగా చేరిన సహాయ ఆచార్యుడు ఒక గోడ అవతల, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఆచార్యుడు ఒక గోడ ఇవతల పాఠం చెబుతారు. గోడ మందం తొమ్మిది అంగుళాలు. ఒకరి పని మరొకరికి ఎన్నటికీ కనబడదు. క్రొత్తవాడు తాను విద్యార్థిగా ఉన్నప్పుడు చూసిన గురువును గుర్తు చేసుకొని అలాగే చెబుతాడు. ఆ గురువు నోట్సు చెప్పి రాయించేవారైతే ఇతడూ రాయిస్తాడు.

ఈ సిద్ధాంతానికి కూడా ఒక పరిమితి ఉంది. దర్జీ పని తప్పితే అంగీ సరిపోదు. తప్పు అక్కడికక్కడే కనబడుతుంది. పాఠం తప్పితే అది ఎక్కడో ఒక గ్రామంలో, ఎన్నో ఏళ్లకు బయటపడవచ్చు, పడకపోవచ్చు. కాబట్టి అధ్యాపకులు కేవలం ఒకరినొకరు చూసుకుంటే చాలదు. విద్యార్థి ఏమి గ్రహించాడో తెలిపే సాక్ష్యం మధ్యలో ఉండాలి.

6. మన దేశపు అనుభవం

1986 జాతీయ విద్యా విధానం తరువాత విశ్వవిద్యాలయ అనుదాన సంఘం దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. ఇక్కడ ఓరియెంటేషన్ కోర్సులు, రిఫ్రెషర్ కోర్సులు నడిచాయి. తరువాత వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మారింది. 2023లో మదన్ మోహన్ మాలవీయ పేరిట మరో పథకం కిందికి వచ్చాయి. దూర ప్రాంతాల అధ్యాపకులు ఒకచోట కలిసి క్రొత్త విషయాలు వినడం ఈ కోర్సుల వలన కలిగిన మేలు. దానిని తక్కువ చేయనక్కర లేదు.

కానీ ఈ కోర్సులు పదోన్నతికి ముడిపడి ఉన్నాయి. 2010 నిబంధనలలో అధ్యాపకుని ప్రతి పనికీ పాయింట్లు కేటాయించారు. 2018లో ఆ పద్ధతి చాలావరకు మారినా, సర్టిఫికెట్ కొరకు వెళ్లే అలవాటు మారలేదు. ఆండీ హార్‌గ్రీవ్స్ 1994లో ‘కృత్రిమ సహకారం’ గురించి రాశారు. పైవారి ఆజ్ఞతో, తప్పనిసరిగా, నిర్ణీత స్థలంలో, నిర్ణీత వేళలో, ముందే తెలిసిన ఫలితం కొరకు జరిపించే సహకారం అది. మన రిఫ్రెషర్ కోర్సు హాజరు పట్టికకు ఆ వర్ణన చక్కగా సరిపోతుంది. అక్కడ వెనుక బల్ల మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకొన్నవారిలో నేనూ ఒకడిని.

ఆశ్చర్యం ఏమిటంటే, మన పాఠశాల ఉపాధ్యాయులు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ప్రారంభమైంది. దాని క్రింద ఏర్పడిన టీచర్ సెంటర్లలో చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలుసుకొని పాఠాలు చర్చించుకొనేవారు. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధనా కార్యక్రమం ఇంకా గొప్ప ఉదాహరణ. గ్రామీణ ఉపాధ్యాయులు నెలనెలా సమావేశమై, ఏ ప్రయోగం తరగతిలో పనిచేసింది, ఏది చేయలేదు అని చెప్పుకొనేవారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు కూడా ఈ కార్యక్రమంలో పాలుపంచుకున్నారు. ఉపాధ్యాయుల అనుభవాన్ని బట్టి పాఠ్యపుస్తకాన్నే సవరించారు. ప్రయోగం విఫలమైందని చెప్పడం అక్కడ నేరం కాదు. పుస్తకం బాగుపడడానికి అదే ఆధారం. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ముగించింది. ముప్పై ఏళ్లు నడిచిన పని ఒక ఆజ్ఞతో ఆగిపోగలదనే పాఠం కూడా అందులో ఉంది.

పదోన్నతి నియమాలలో రిఫ్రెషర్ కోర్సుకు ఒక గడి ఉంది. ఇటువంటి నెలవారీ కూటమికి గడి లేదు. బహుశా లేకపోవడమే మంచిది.

7. రెండు అభ్యంతరాలు

ఈ సముదాయాల వలన విద్యార్థికి మేలు జరుగుతుందనడానికి రుజువు ఏది అన్నది మొదటి అభ్యంతరం. ఇది న్యాయమైన ప్రశ్న. 2008లో విక్కీ వెసియో, ఆమె సహచరులు ప్రచురించిన సమీక్ష 11 అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో విద్యార్థుల అభ్యసనాన్ని పరిశీలించిన 8 అధ్యయనాలూ మెరుగుదలను చూపాయి. అయితే అవన్నీ పాఠశాలలకు సంబంధించినవి. విశ్వవిద్యాలయాలలో అధ్యాపకులు ‘మాకు ఉపయోగపడింది’ అని స్వయంగా చెప్పిన మాటలే తరచుగా ఆధారమవుతున్నాయి. సంతృప్తి చెందిన అధ్యాపకుడు మంచి అధ్యాపకుడు అయ్యాడని అర్థం కాదు. నలుగురు కూర్చుని ఒకరినొకరు పొగుడుకొని టీ తాగి లేచినా సంతృప్తి కలుగుతుంది.

రెండవది, అధికారానికి సంబంధించిన అభ్యంతరం. తన తప్పును చెప్పుకోవడం అందరికీ సమానమైన ఖర్చు కాదు. పదవీ విరమణకు దగ్గరగా ఉన్న ఆచార్యుడు తన పొరపాటును నవ్వుతూ చెప్పగలడు. అది ఆయన వినయానికి గుర్తు అవుతుంది. గంటకు ఇంత అని తీసుకొనే అతిథి అధ్యాపకుడు అదే మాట చెబితే వచ్చే ఏడాది అతని పేరు టైం టేబుల్‌లో ఉండకపోవచ్చు. రిజర్వేషన్ ద్వారా వచ్చాడని వెనుక మాట్లాడుకొనే చోట దళిత అధ్యాపకుడు తన సందేహాన్ని బయటపెడితే, దానిని సందేహంగా కాక రుజువుగా తీసుకొనేవారు ఉంటారు. కూటమిలో నోట్స్ రాసే పని, టీ ఏర్పాటు పని మహిళా అధ్యాపకుల మీద ఎలా పడుతుందో మనకు తెలియనిది కాదు. సముదాయం అనే తీయని మాట ఈ తేడాలను కప్పివేస్తే, అది ఉన్నవారికి మరొక వేదిక మాత్రమే అవుతుంది.

ఈ రెండు అభ్యంతరాలూ సముదాయాన్ని కాదనడానికి చాలవు. అది ఎలా ఉండాలో మాత్రం నిర్దేశిస్తాయి. మొదటిదానికి జవాబు: ప్రతి కూటమిలో విద్యార్థి రాత ఒకటి బల్ల మీద ఉండాలి. అది ఉన్నంతసేపు పొగడ్తలకు చోటు తక్కువ. రెండవదానికి జవాబు: పెద్దవారు ముందు తమ తప్పును చెప్పాలి, చిన్నవారిని అడగడం తరువాత.

8. వేదాంత కళాశాలలకు వర్తింపు

మన కళాశాలల్లో ఒక ప్రత్యేకమైన భ్రమ ఉంది. మనం ఒకే ఆవరణలో నివసిస్తాము, ఒకే ఆరాధనలో కూర్చుంటాము, పండుగలకు ఒకే పంక్తిలో భోజనం చేస్తాము. కాబట్టి మనది ఇప్పటికే ఒక సహవాసమని అనుకొంటాము. సహవాసం నిజమే. కానీ అది మన తరగతి గది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నా విషయంలో నా సహోద్యోగులకు నా పిల్లల చదువులు తెలుసు, నా రక్తపోటు తెలుసు, నా నోట్సులో ఏముందో మాత్రం తెలియదు. పైగా సన్నిహితంగా జీవించడం వలన మర్యాద ఎక్కువై, ఒకరి పాఠం గురించి మరొకరు అడగడం మరింత కష్టమవుతుంది.

విభాగాలు చిన్నవి కావడం మరొక ఇబ్బంది. ఒక్కొక్క విభాగానికి ఒకరో ఇద్దరో ఉంటారు. తన విషయం తెలిసినవారు లేరు కాబట్టి తన బోధన గురించి మాట్లాడేవారు లేరని అధ్యాపకుడు అనుకొంటాడు. నా అనుభవం దీనికి విరుద్ధం. నా తప్పును పట్టినవారు సంఘ చరిత్ర పండితులు కారు. చరిత్ర తెలిసినవారైతే 415 తప్పని చెప్పి ఊరుకొనేవారేమో. విషయం తెలియనివారు కాబట్టి, అందరూ ఒకే తప్పు ఎలా రాశారని అడిగారు. బోధన సంగతి బయటపెట్టింది ఆ ప్రశ్నే. విషయాన్ని బోధనతో ముడివేయాలన్న షుల్మన్ సూచన సరైనదే. అయినా పొరుగు విభాగపు కన్ను చూడగలిగేది వేరే ఉంది. మయామీలో వేరు వేరు విభాగాలవారిని కలపడంలోని వివేకం ఇక్కడ బోధపడుతుంది.

భాష విషయం కూడా ఉంది. మనలో చాలామంది ఇంగ్లీషులో చదువుకొని తెలుగులో బోధిస్తున్నాము. ఒక పారిభాషిక పదానికి నేను వాడే తెలుగు మాట ఒకటి, పక్క గదిలో వాడే మాట మరొకటి. రెండూ ఒకటేనని విద్యార్థికి ఎవరూ చెప్పరు. ఇది ఏ రిఫ్రెషర్ కోర్సూ తీర్చలేని సమస్య. నలుగురు ఒక గంట కూర్చుంటే తీరుతుంది.

9. ముగింపు

అభ్యసన సముదాయం అన్ని రోగాలకూ మందు కాదు. జీతాలు లేని చోట, పుస్తకాలు లేని చోట, అరవై మంది విద్యార్థులకు ఒక్కరే ఉన్న చోట అది ఆ లోటును పూడ్చదు. పైనుండి ఆజ్ఞగా వస్తే హాజరు పట్టికగా మిగులుతుంది. ప్రతి అధ్యాపకుని దగ్గరా నాకు జరిగినటువంటిది ఒకటైనా ఉంటుంది. అది బయటకు రావడానికి ఒక తోటివాని ఎదుట కాగితం పరచడం కంటే మెరుగైన దారి ఈ వ్యాసకర్తకు కనబడలేదు. ఆ చోటు కల్పించడమే సముదాయం విలువ.

ఆచరణకు ఒక చిన్న సూచన. ముగ్గురు నలుగురు అధ్యాపకులు పదిహేను రోజులకు ఒక గంట కలవండి. పేరు చెరిపిన ఒక జవాబు పత్రం ముందు పెట్టుకొని, ఈ విద్యార్థి ఇలా ఎందుకు రాశాడు అని మాత్రమే చర్చించండి. మినిట్స్ రాయకండి, సర్టిఫికెట్ ఇవ్వకండి, ప్రిన్సిపాలుకు నివేదిక పంపకండి. మొదటి రోజు పత్రాన్ని అందరిలో పెద్దవారు తెచ్చుకోవాలి.

నా తరగతిలో ఇప్పుడు నోట్సు పంచే రోజున ఒక మాట చెబుతున్నాను: ఇందులో తప్పు కనిపెట్టి పుస్తకంతో సహా చూపించినవారికి ఒక మార్కు ఎక్కువ. మొదటి సంవత్సరం ఎవరూ రాలేదు. రెండవ సంవత్సరం ఇద్దరు వచ్చారు. ఇద్దరు చెప్పిందీ నిజమే.